చిన్న సంస్థ అంటే ఎంత చిన్నది? ప్రభుత్వ సాయం కోసం గీసే గీతపై తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న, మధ్యతరహా సంస్థలను ఆదుకోవాలంటే ఏ దేశంలోనూ ఎవరూ కాదనరు. పేచీ అంతా ఆ తర్వాతి ప్రశ్న దగ్గర మొదలవుతుంది: ఏది చిన్నది, ఏది మధ్యతరహా? పథకం కింద ఇచ్చే డబ్బు ఎవరికి చేరుతుందో, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోతారో తేల్చేవి నిర్వచనంలోని రెండు వాక్యాలు, నాలుగు అంకెలు. వాటి గురించి పదేపదే వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అసలు నిర్వచనం ఎందుకు? చిన్న సంస్థ ఏదో చూస్తే తెలియదా?

చాలాసార్లు తెలుస్తుంది. పొద్దున్నే తలుపు తీసేదీ, లెక్కలు రాసేదీ, జీతాలు పంచేదీ యజమానే అయితే ఆ సంస్థ చిన్నదని చెప్పడానికి కొలబద్ద అక్కర్లేదు. చిక్కేమిటంటే, చూసే కళ్లు మారితే తీర్పు మారుతుంది. ఒక అధికారికి చిన్నదిగా కనిపించింది ఇంకొకరికి పెద్దదిగా కనిపించవచ్చు. అంకె రాసి ఉంటే దరఖాస్తు పెట్టకముందే అర్హత ఉందో లేదో తెలుస్తుంది. కాదన్నప్పుడు ఎందుకు కాదన్నారని నిలదీయడానికీ ఆధారం ఉంటుంది. బడ్జెట్ వేసేవాళ్లకు కూడా ఎన్ని సంస్థలు లెక్కలోకి వస్తాయో తెలియాలి కదా.

బ్రిటన్‌లో 1971లో నివేదిక ఇచ్చిన బోల్టన్ కమిటీ ఈ చిక్కును నిజాయితీగా ఎదుర్కొంది. ముందుగా లక్షణాలు చెప్పింది: చిన్న సంస్థకు మార్కెట్‌లో ఉండే వాటా స్వల్పం, దాన్ని యజమానులే దగ్గరుండి నడుపుకుంటారు, అది మరో పెద్ద సంస్థ చెప్పుచేతల్లో ఉండదు. ఈ లక్షణాలను లెక్కపెట్టడం కుదరదు కాబట్టి ఆ తర్వాత రంగానికో అంకె ఇచ్చింది. తయారీలో 200 మంది ఉద్యోగుల వరకు, నిర్మాణంలో 25 మంది వరకు, రోడ్డు రవాణాలో 5 వాహనాల వరకు. రవాణాకు వచ్చేసరికి మనుషులను వదిలి బండ్లను లెక్కపెట్టడం నాకు ఎంతో నచ్చే విషయం. ఆ పనిలో సంస్థ ఎంతటిదో బండ్లలోనే కనబడుతుంది. లక్షణాలు ముందు, అంకెలు వెనక అన్న ఆ వరుసే సరైనదని నా నమ్మకం. తర్వాత వచ్చిన చాలా నిర్వచనాల్లో అంకెలు మిగిలాయి, అవి ఏ లక్షణానికి గుర్తుగా పెట్టినవో మరుగున పడింది.

ప్రపంచమంతా ఒప్పుకున్న నిర్వచనం ఒకటి ఉందా?

లేదు. యూరోపియన్ యూనియన్ 2003 సిఫార్సు ప్రకారం 10 మందికన్నా తక్కువ ఉంటే సూక్ష్మ సంస్థ, 50 కన్నా తక్కువైతే చిన్నది, 250 కన్నా తక్కువైతే మధ్యతరహా. వీటికి తోడు టర్నోవర్ (ఏడాది అమ్మకాల మొత్తం), బ్యాలెన్స్ షీట్ (సంస్థ ఆస్తుల మొత్తం) పరిమితులు కూడా ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషన్ 300 మంది దాకా మధ్యతరహా అంటుంది. కెనడా గణాంకాల్లో ఆ హద్దు 499. జపాన్‌లో తయారీ సంస్థకు 300, చిల్లర వర్తకానికి 50. అమెరికాలో తయారీ సంస్థకు ఉపరంగాన్ని బట్టి 500 నుంచి 1,500 మంది దాకా ఉన్నా చిన్నదే. భారతదేశంలో అయితే ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు లెక్కలోకే రాదు. యంత్రాలు, పరికరాలపై పెట్టుబడి, టర్నోవర్ చూస్తారు.

అంటే 270 మంది పనిచేసే ఒకే కర్మాగారం యూరప్‌లో పెద్దది, కెనడాలో మధ్యతరహా, అమెరికాలో చిన్నది. అందుకే "మా దేశంలో చిన్న, మధ్యతరహా సంస్థలే ఇంత శాతం ఉద్యోగాలు ఇస్తున్నాయి" అని రెండు దేశాల అంకెలను పక్కపక్కన పెట్టేటప్పుడు, ఆ రెండు చోట్లా గీత ఎక్కడుందో ముందు చూడాలి.

ఉద్యోగుల సంఖ్య, టర్నోవర్, పెట్టుబడి: వీటిలో ఏది మంచి కొలత?

మూడింటికీ మూడు జబ్బులున్నాయి. వాటి గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఉద్యోగుల సంఖ్య అందరికీ అర్థమయ్యే కొలత. ధరలు పెరిగినా, కరెన్సీ విలువ పడిపోయినా అది మారదు. కానీ లెక్కలోకి ఎవరు వస్తారు? సగం పూట పనిచేసేవాళ్లా, కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లా, సీజన్‌లో మూడు నెలలే ఉండేవాళ్లా, జీతం లేకుండా పనిచేసే ఇంటివాళ్లా? యూరోపియన్ యూనియన్ దీనికి ఏడాది పొడవునా పూర్తికాలం పనిచేసిన మనిషిని ఒక యూనిట్‌గా తీసుకుని, మిగతావాళ్లను అందులో భాగాలుగా లెక్కిస్తుంది. పనిచేసే యజమాని లెక్కలో ఉంటాడు. అప్రెంటిస్‌లు ఉండరు, ప్రసూతి సెలవు కాలాన్ని కలపరు. ఇంత వివరం రాయకపోతే ఎవరికి తోచినట్టు వాళ్లు లెక్కేస్తారు. ఈ కొలతకు ఇంకో పెద్ద లోపం ఉంది. ఉద్యోగాలు పెరగాలని ఇచ్చే సాయం, ఒక మనిషిని అదనంగా తీసుకోగానే పోతుంది. పైగా పదిమందితో, ఆధునిక యంత్రాలతో కోట్లలో వ్యాపారం చేసే సంస్థ కూడా ఈ లెక్కలో చిన్నదే అవుతుంది.

టర్నోవర్‌ను పన్ను రికార్డులతో సరిచూసుకోవచ్చు. అదే దాని బలం. కానీ టోకు వర్తకుడి చేతుల మీదుగా పెద్ద మొత్తం వచ్చిపోతుంది, అతని దగ్గర మిగిలేది స్వల్పం. సలహాలిచ్చే సంస్థకు టర్నోవర్ తక్కువే, అందులో చాలా భాగం మిగులే. ఇద్దరినీ ఒకే అంకెతో కొలిస్తే మొదటివాడికి అన్యాయం జరుగుతుంది. ఒక పెద్ద ఆర్డర్ వచ్చిన ఏడాది సంస్థ గీత దాటుతుంది, మరుసటి ఏడు మళ్లీ కిందికి వస్తుంది.

ఇక పెట్టుబడి. భారతదేశంలో 2006 చట్టం పూర్తిగా దీనిమీదే నిలబడింది. తయారీ రంగంలో యంత్రాలపై 25 లక్షల రూపాయల వరకు సూక్ష్మ, 5 కోట్ల వరకు చిన్న, 10 కోట్ల వరకు మధ్యతరహా. కొత్త యంత్రం కొన్నవాడు ఈ లెక్కలో శిక్ష అనుభవిస్తాడు. సంస్థలు ఆధునికం కావాలని కోరుకుంటూ, యంత్రం కొంటే అర్హత పోతుందని చెప్పడం ఎంత నష్టమో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ 2020 జూలై నుంచి టర్నోవర్‌ను కూడా చేర్చి, తయారీకీ సేవలకూ ఒకే పరిమితి పెట్టారు.

మూలధనం, అంటే వాటాదారులు పెట్టినట్టు సంస్థ లెక్కల్లో చూపే సొమ్ము, అనే నాలుగో కొలత కూడా కొన్ని దేశాల్లో ఉంది. జపాన్‌లో పన్ను రాయితీలకు పది కోట్ల యెన్ల మూలధనం ఒక హద్దు. ఎంతో పేరున్న కొన్ని సంస్థలు సైతం కాగితం మీద మూలధనాన్ని ఆ హద్దుకు తగ్గించుకుని చిన్న సంస్థలకిచ్చే రాయితీల్లోకి వచ్చాయి. కలం పోటుతో తగ్గించుకోగలిగిన దాన్ని కొలతగా పెట్టకూడదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఏదో ఒకటే ఎంచుకోమంటే ఉద్యోగుల సంఖ్యను ముందు పెట్టి, టర్నోవర్‌ను దానికి కాపలాగా పెడతాను.

రెండు కొలతలు ఉన్నప్పుడు "లేదా" అనాలా, "రెండూ" అనాలా?

ఈ ఒక్క మాటతో లక్షల సంస్థల రాత మారుతుంది. జపాన్‌లో మూలధనం, ఉద్యోగుల సంఖ్య, ఈ రెంటిలో ఏ ఒక్కటి పరిమితిలో ఉన్నా చాలు. భారతదేశంలో పెట్టుబడి, టర్నోవర్ రెండూ పరిమితిలో ఉండాలి. ఒక్కటి దాటినా పై మెట్టుకు వెళ్లినట్టే. యూరోపియన్ యూనియన్‌ది మధ్యేమార్గం: ఉద్యోగుల సంఖ్య తప్పనిసరిగా లోపల ఉండాలి, టర్నోవర్, బ్యాలెన్స్ షీట్ మొత్తాల్లో ఏదో ఒకటి లోపల ఉంటే సరిపోతుంది. మధ్యతరహాకు ఆ పరిమితులు 5 కోట్ల యూరోల టర్నోవర్, 4.3 కోట్ల యూరోల బ్యాలెన్స్ షీట్. వర్తకులకు టర్నోవర్ ఎక్కువగా, ఆస్తులు తక్కువగా ఉంటాయి కాబట్టి వాళ్లు అన్యాయమైపోకుండా ఈ వెసులుబాటు ఇచ్చారు. నిర్వచనం ముసాయిదా చదివేటప్పుడు అంకెలకన్నా ముందు ఈ చిన్న మాటలు వెతకండి.

రంగాన్ని బట్టి గీత మారాలా?

మారితేనే న్యాయం, మారకపోతేనే సులువు. అమెరికాలో రంగానికీ ఉపరంగానికీ విడివిడిగా పరిమితులున్నాయి, కొన్నింటికి ఉద్యోగుల లెక్క, కొన్నింటికి రాబడి లెక్క. అక్కడి 1953 చట్టం చిన్న సంస్థ అంటే స్వతంత్రంగా నడిచేది, తన రంగంలో ఆధిపత్యం లేనిది అని చెప్పింది. ఆధిపత్యం అనే మాట వచ్చాక రంగం చూడక తప్పదు. ఈ పద్ధతిలో పట్టీ చాలా పొడవవుతుంది. రెండు మూడు పనులు కలిపి చేసే సంస్థకు తను ఏ వరుసలోకి వస్తుందో తేల్చుకోవడమే ఒక పని అవుతుంది. పన్నులు వేసే, లెక్కలు రాసే యంత్రాంగం బలంగా ఉన్న దేశం ఈ భారం మోయగలదు. లేనిచోట మూడు నాలుగు పెద్ద విభాగాలు చాలు.

పెద్ద సంస్థ తనను తాను ముక్కలు చేసుకుని చిన్నదిగా వస్తే?

నిర్వచనాలు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. పరిమాణం కొలిచేముందు స్వాతంత్ర్యం కొలవాలి. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం మరో సంస్థలో 50 శాతానికి మించి వాటా ఉంటే ఆ రెండింటి ఉద్యోగులను, టర్నోవర్‌ను పూర్తిగా కలిపి లెక్కిస్తారు. 25 నుంచి 50 శాతం మధ్య ఉంటే వాటా మేరకు కలుపుతారు. ప్రభుత్వ సంస్థల చేతిలో 25 శాతం లేదా అంతకుమించి ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, ఎంత చిన్నదైనా ఈ కోవలోకి రాదు. పది మందితో నడిచే సంస్థ వెనక పదివేల మంది ఉన్న మాతృసంస్థ ఉంటే, దానికి బ్యాంకు అప్పు దొరకకపోవడం, లాయరును పెట్టుకోలేకపోవడం లాంటి ఇబ్బందులు ఉండవు. సాయం ఆ ఇబ్బందుల కోసం పుట్టింది.

ఈ నియమాన్ని సడలిస్తే ఏమవుతుందో 2020లో అమెరికా చూసింది. కోవిడ్ సమయంలో ఉద్యోగుల జీతాలు ఆగకుండా చిన్న సంస్థలకు అప్పులిచ్చే పథకం పెట్టారు. 500 మంది పరిమితి. హోటళ్లు, రెస్టారెంట్ల విషయంలో మాత్రం ఆ 500 ను సంస్థ మొత్తానికి కాకుండా ఒక్కో శాఖకు వర్తింపజేశారు. స్టాక్ మార్కెట్‌లో షేర్లున్న పెద్ద పెద్ద గొలుసు సంస్థలు కొన్ని వరుసలో ముందు నిలబడి డబ్బు తీసుకున్నాయి. మొదటి విడత నిధులు రెండు వారాలు గడవకముందే అయిపోయాయి. జనం ఆగ్రహించాక కొన్ని సంస్థలు తిరిగి ఇచ్చేశాయి. ఉద్యోగాలు కాపాడాలనే ఉద్దేశంలో తప్పులేదు. చిన్న సంస్థ పేరుతో ఆ పని చేయబోవడం వల్ల, నిజంగా చిన్నవాళ్లు తమ పేరుతో వచ్చిన పథకంలోనే వెనకబడ్డారు.

దీనికి ఎదురువైపు కష్టం కూడా గుర్తుంచుకోవాలి. అన్నదమ్ములు విడివిడిగా నిజాయితీగా నడుపుకునే రెండు సంస్థలను చుట్టరికం చూసి కలిపేస్తే అదీ అన్యాయమే. పెట్టుబడి నిధులు వాటా తీసుకున్న కొత్త సంస్థలదీ ఇలాంటి బాధే. యూరప్ నియమాల్లో వెంచర్ క్యాపిటల్‌కు, విశ్వవిద్యాలయాలకు మినహాయింపు అందుకే ఇచ్చారు.

గీత దాటితే సాయం పోతుందని సంస్థలు ఎదగడం ఆపేస్తాయా?

కొన్ని ఆపేస్తాయి. ఫ్రాన్స్‌లో 50 మంది ఉద్యోగులు రాగానే సంస్థ మీద అనేక బాధ్యతలు ఒక్కసారిగా పడతాయి. అక్కడి సంస్థలను ఉద్యోగుల సంఖ్య ప్రకారం వరుసపెడితే 49 దగ్గర గుట్టగా కనిపించి, 50 దగ్గర ఒక్కసారిగా పలచబడిపోతాయి. ఆర్థికవేత్తలు దీన్ని లోతుగా పరిశీలించారు. కొందరు నిజంగానే 50వ మనిషిని తీసుకోరు, కొందరు రెండో సంస్థ పెడతారు, కొందరు కాగితాల మీద తగ్గించి చూపుతారు. ఏది చేసినా నష్టమే. 2019లో అక్కడ చట్టం మార్చి, వరుసగా అయిదేళ్లు పరిమితి దాటి ఉంటేనే ఆ బాధ్యతలు మొదలయ్యేలా చేశారు.

ఇంకా పెద్ద పాఠం భారతదేశంలో ఉంది. 1967లో 47 వస్తువులతో మొదలుపెట్టి, కొన్ని రకాల సరుకులను చిన్న పరిశ్రమలే తయారుచేయాలని కేటాయించారు. ఆ జాబితా ఒక దశలో 800 దాటింది. పెద్ద సంస్థల పోటీ నుంచి చిన్నవాళ్లను కాపాడాలన్నది ఉద్దేశం. ఆ సరుకు చేసేవాడు పెట్టుబడి గీత దాటితే, ఎగుమతి షరతులకు ఒప్పుకుంటే తప్ప, ఆ సరుకు తయారీని పెంచుకోవడానికి వీల్లేదు. బాగా చేసేవాడికి ఎదిగే దారి మూసుకుపోయింది. మెల్లమెల్లగా జాబితాను తగ్గిస్తూ వచ్చి, 2015లో చివరి 20 వస్తువులను కూడా తీసేశారు.

విరుగుడు లేకపోలేదు. గీత దగ్గర గోడ కట్టేబదులు వాలు కట్టాలి. దక్షిణ కొరియాలో చిన్న, మధ్యతరహా స్థాయి దాటినవాళ్లకు పాత ప్రయోజనాలు మూడేళ్లు కొనసాగేవి, 2024లో దాన్ని అయిదేళ్లకు పెంచారు. యూరప్‌లో వరుసగా రెండు ఆర్థిక సంవత్సరాలు దాటితేనే హోదా మారుతుంది. సాయాన్ని మెట్టు మెట్టుగా తగ్గించడం అన్నిటికన్నా మంచిది. వందశాతం రాయితీ మరునాడు సున్నా అయ్యే పథకంలో గీతను ఎక్కడ గీసినా తప్పే.

ధరలు పెరుగుతుంటాయి కదా, ఆ అంకెలు పాతబడవా?

పాతబడతాయి. యూరప్‌లో 2003 నాటి యూరో పరిమితులే ఇంకా నడుస్తున్నాయి. ఇన్నేళ్లలో ధరలు పెరిగినంత మేరా ఆ గీత చప్పుడు లేకుండా కిందికి జారింది. సంస్థ ఒక్క అడుగూ ఎదగకపోయినా పెద్దది అయిపోతుంది. అమెరికాలో డబ్బు రూపంలోని పరిమితులను కనీసం అయిదేళ్లకోసారి ధరలతో సరిచూడాలనే నియమం ఉంది. భారతదేశంలో 2006 తర్వాత 2020లో, మళ్లీ 2025 ఏప్రిల్‌లో పెంచారు. ఇప్పుడు సూక్ష్మ సంస్థకు పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు. చిన్నదానికి 25 కోట్లు, 100 కోట్లు. మధ్యతరహాకు 125 కోట్లు, 500 కోట్లు. పద్నాలుగేళ్లు ఆగి ఒక్కసారి ఎత్తేకన్నా, క్రమం తప్పకుండా కొద్దికొద్దిగా మార్చడం అందరికీ మేలు.

ధనిక దేశం అంకెలను పేద దేశం తెచ్చుకోవచ్చా?

తెచ్చుకుంటే దాదాపు దేశమంతా చిన్న సంస్థే అవుతుంది. 250 మంది ఉద్యోగులున్న సంస్థ ఒక దేశంలో సాధారణం, ఇంకో దేశంలో ఆ జిల్లాకే పెద్ద. 2008లో గిబ్సన్, వాన్ డర్ వార్ట్ అనే ఇద్దరు దీనికొక సూత్రం ప్రతిపాదించారు. దేశంలో మనిషికి వచ్చే సగటు జాతీయ ఆదాయాన్ని కొనుగోలు శక్తి లెక్కలో తీసుకుని, దానికి 10 రెట్ల నుంచి 1,000 రెట్ల మధ్య ఏటా టర్నోవర్ ఉన్న నమోదిత సంస్థను చిన్న, మధ్యతరహా అనాలన్నారు. సగటు ఆదాయం 5,000 డాలర్లున్న చోట 50 వేల నుంచి 50 లక్షల డాలర్లు. 40,000 డాలర్లున్న చోట 4 లక్షల నుంచి 4 కోట్లు. దేశం ఎదిగేకొద్దీ గీత దానంతట అదే పైకి జరుగుతుంది. రంగాల మధ్య తేడాను ఈ సూత్రం పట్టించుకోదు. అయినా పొరుగు దేశం పట్టికను అలాగే దించుకోవడం కన్నా ఇది ఎంతో నయం.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా అన్నింటినీ ఒకే మాటలో కలపడం సరైనదేనా?

గణాంకాలకు ఫర్వాలేదు. సాయం విషయంలో సరికాదని గట్టిగా అనుకుంటున్నాను. ఒక్కడే పనిచేసుకునే మనిషికీ, 240 మందికి జీతాలిచ్చే సంస్థకూ సాటిలేదు. ఆ సంస్థకు అకౌంటెంట్ ఉన్నాడు, బ్యాంకు మేనేజర్ పరిచయం ఉన్నాడు, దరఖాస్తులు నింపే మనిషి ఉన్నాడు. ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెడితే నిధులు ఎటు పోతాయో ఊహించడం కష్టం కాదు. సంవత్సరం చివర్లో "చిన్న, మధ్యతరహా సంస్థలకు ఇంత ఇచ్చాం" అన్న వాక్యం నిజమే అవుతుంది. అందులో సూక్ష్మ సంస్థలకు ఎంత అన్నది విడిగా అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 99 దేశాల సమాచారంతో 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పనిచేసే ప్రతి పదిమందిలో ఏడుగురు స్వయం ఉపాధిలోనో చిన్న సంస్థల్లోనో ఉన్నారు. అట్టడుగు మెట్టు ఎంత వెడల్పుగా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకే కొన్నిచోట్ల ప్రయోజనాలను మెట్ల వారీగా విడదీస్తారు. సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజులు దాటాక కూడా డబ్బు ఇవ్వకపోతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ చెల్లించాలనే రక్షణ భారతీయ చట్టంలో సూక్ష్మ, చిన్న సంస్థలకే ఉంది, మధ్యతరహాకు లేదు. పై అంచున ఇంకో రకం బాధ ఉంది. 250 మంది దాటగానే సంస్థను అంతర్జాతీయ దిగ్గజాలతో సమానంగా చూస్తున్నారన్న ఫిర్యాదుతో, యూరోపియన్ కమిషన్ 2025లో 750 మంది లోపు సంస్థలకు కొత్త మెట్టు ఒకటి ప్రతిపాదించింది. మెట్లు పెంచడం మంచిదే, కింది మెట్టు వాటా తగ్గనంత వరకు.

ఉద్యోగాలన్నీ చిన్న సంస్థలే సృష్టిస్తాయంటారు. నిజమేనా?

ఈ మాటకు మూలం 1979లో అమెరికాలో డేవిడ్ బర్చ్ చేసిన పరిశీలన. కొత్త ఉద్యోగాల్లో దాదాపు మూడింట రెండొంతులు 20 మంది లోపు సంస్థల నుంచే వచ్చాయని ఆయన తేల్చాడు. రాజకీయ నాయకులకు ఆ అంకె బాగా నచ్చింది. తర్వాత హాల్టివాంగర్, జార్మిన్, మిరాండా అనే ముగ్గురు అమెరికా సంస్థల సమాచారాన్ని వయసుతో కలిపి చూసి 2013లో ప్రచురించారు. సంస్థ వయసును పరిగణనలోకి తీసుకుంటే, పరిమాణానికీ ఎదుగుదలకూ ఉన్న సంబంధం దాదాపు మాయమైంది. ఉద్యోగాలు తెచ్చేవి కొత్తగా పుట్టిన సంస్థలు. పుట్టినప్పుడు అన్నీ చిన్నవే కాబట్టి చిన్నవే తెచ్చినట్టు కనబడింది. కొత్తవాటిలో చాలా భాగం కొన్నేళ్లలో మూతపడతాయి కూడా.

అంటే లక్ష్యం ఉద్యోగాల పెరుగుదలే అయితే, నిర్వచనంలో వయసు ఉండాలి. ముప్పై ఏళ్లుగా పదిమందితోనే నడిచే సంస్థకు సాయం చేయకూడదని దీని అర్థం కాదు. ఆ పదిమంది జీవనోపాధి నిలబడటం కూడా విలువైన లక్ష్యమే. అది వేరే లక్ష్యం, దానికి వేరే పథకం కావాలి.

మరి ఒక దేశంలో ఒకే నిర్వచనం ఉండాలా, పథకానికొకటి ఉండాలా?

ఆస్ట్రేలియాలో గణాంక శాఖ 20 మంది కన్నా తక్కువ ఉంటే చిన్న సంస్థ అంటుంది. కార్మిక చట్టం 15 మంది కన్నా తక్కువ అంటుంది. పన్నుల శాఖ కోటి డాలర్ల లోపు టర్నోవర్ చూస్తుంది. యజమానులకు ఇది తలనొప్పే. ఒక కార్యాలయంలో చిన్నవాడు ఇంకో కార్యాలయంలో కాడు. అయినా ఈ తేడాలకు కారణం ఉంది, నా మొగ్గు వీటివైపే.

సాయం ఏ లోపాన్ని సరిచేయడానికో అడిగితే కొలత దానంతట అదే బయటికి వస్తుంది. ఫారాలు నింపడం, తనిఖీలు, రిజిస్టర్ల భారం పదిమంది సంస్థకూ వెయ్యిమంది సంస్థకూ ఇంచుమించు ఒకటే, కానీ తలసరి భారం చిన్నవాళ్ల మీదే ఎక్కువ. కాబట్టి నిబంధనల సడలింపుకు ఉద్యోగుల సంఖ్య సరైన కొలత. తాకట్టు పెట్టడానికి ఆస్తి లేక, పాత అప్పుల చరిత్ర లేక బ్యాంకు వెనక్కి పంపేవాళ్లకు హామీ పథకం పెడితే, అక్కడ ఆస్తులు, సంస్థ వయసు, అడిగే అప్పు పరిమాణం చూడాలి. టెండర్లలో చోటివ్వడానికి రంగంలో సంస్థ స్థానం చూడాలి. బకాయిల ఆలస్యం విషయంలో అసలు సమస్య ఇద్దరి మధ్య బలం తేడా. యూరోపియన్ యూనియన్ 2011లో ఇచ్చిన ఆదేశం అందుకే సంస్థ పరిమాణం అడగకుండా వ్యాపార లావాదేవీలన్నిటికీ వర్తిస్తుంది. గీత అవసరమే లేని సాయం కూడా ఉంటుందని ఇది గుర్తుచేస్తుంది. వరదలు, అంటువ్యాధుల లాంటి విపత్తుల్లో మాత్రం అన్నిటికన్నా వేగం ముఖ్యం. పన్నుల శాఖ దగ్గర అప్పటికే ఉన్న ఏ అంకెతో పని జరుగుతుందో దానితో కానివ్వాలి.

లెక్కించే పద్ధతి మాత్రం దేశమంతా ఒకటే ఉండాలి. ఉద్యోగి అంటే ఎవరు, టర్నోవర్‌లో ఏవి కలుస్తాయి, అనుబంధ సంస్థ అంటే ఏది అన్నవి ఒకే చోట రాసి, గీతను మాత్రం పథకాన్ని బట్టి జరుపుకుంటే యజమాని ఒక్కసారి లెక్క వేసుకుని అన్నిచోట్లా చూపించవచ్చు.

నమోదు కాని వ్యాపారాల మాటేమిటి?

వాటి పరిమాణం ఏ నిర్వచనంలోనైనా ఇమిడిపోతుంది, కాగితం లేకపోవడంతో బయటే ఉండిపోతాయి. నమోదు రుసుము లేకుండా, ఒక్క పేజీలో, సొంత ప్రకటన మీద జరిగితే చాలామంది లోపలికి వస్తారు. లోపలికి వస్తే పన్నులు, తనిఖీలే తప్ప ఏమీ రాదని అనుభవంలో తెలిస్తే మళ్లీ రారు. నిర్వచనం ఎంత బాగా రాసినా ఈ నమ్మకం అది తేలేదు.

మా సంస్థ గీతకు దగ్గరగా ఉంది. ఏం చూసుకోవాలి?

ముందుగా, ఏ కాలం లెక్క తీసుకుంటారో చూడండి. పోయిన ఏడాదిదా, కొన్నేళ్ల సగటా అన్నదానిమీద ఫలితం తారుమారవుతుంది. అమెరికాలో ఉద్యోగుల సంఖ్యకు 24 నెలల సగటు, రాబడికి సాధారణంగా అయిదేళ్ల సగటు తీసుకుంటారు. టర్నోవర్‌లో దేన్ని మినహాయిస్తారో చదవండి. భారతదేశంలో ఎగుమతుల విలువను కలపరు, ఆ ఒక్క మినహాయింపుతోనే ఎగుమతిదారుడు కింది మెట్టులో నిలవవచ్చు. మీకు వాటాలున్న ఇతర సంస్థలన్నిటినీ శాతాలతో సహా ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత అర్హత రద్దయ్యేది ఎక్కువగా ఈ వివరం దాచినందుకో మరిచినందుకో. గీత దాటక తప్పదనిపిస్తే, దాటిన తర్వాత ఎన్నాళ్ల వెసులుబాటు ఉందో అడిగి, ఆ జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. వచ్చిన ఆర్డర్‌ను మాత్రం గీత కోసం వదులుకోకండి.